కిటికీ బయటి ఏరు

మా అమ్మకు కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవి కూడా ఎక్కువ కాలం నిలవదని డాక్టరు మొన్నామధ్య తేల్చేశాడు. బాధ కలగకుండా నెమ్మదిగా చెప్పాలని ఆయన ఉద్దేశం. నెమ్మదిగా చెబితే ఆవిడకు వినబడదు కదా! "ఏంటీ?" అంది అమ్మ. ఆయన గొంతు పెంచాడు. "ఏంటీ?" అంది మళ్ళీ. ఆ కబురు బయట బెంచీల మీద కూర్చున్న వాళ్ళందరికీ తెలిసిపోయాక గానీ అమ్మకు తెలియలేదు.

మెట్లు దిగేటప్పుడు ఏడుస్తుందేమోనని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విదిలించుకుని, "ఇది కూడా పోయేలోపు లోయ వదిన గొంతు ఒక్కసారి వినాలే," అంది.

లోయ వదిన మాకు చుట్టం కాదు. ఆవిడ పేరేమిటో తెలియదు. ఆవిడ మొహం మా ఇంట్లో ఎవరూ చూడలేదు, అమ్మతో సహా. అయినా నా చిన్నతనంలో మేము నిద్రపోయిన మంచి చోట్లలో సగం ఆవిడ చెప్పినవే. ఇలా ముక్కలు ముక్కలుగా చెబితే ఎవరైనా నన్ను ఎగాదిగా చూస్తారు. అందుకని కాస్త వెనక్కి వెళ్ళాలి.

అమ్మ ట్రంకు ఆపరేటరు. దూరపు ఊరికి ఫోను చెయ్యాలంటే ఎక్స్‌ఛేంజికి చెప్పి, వాళ్ళు కలిపేదాకా కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చోవలసిన రోజులవి. మేడ మీద పొడుగాటి గది. గోడ పొడుగునా స్విచ్‌బోర్డు, దాని నిండా కన్నాలు, కన్నం కన్నానికీ ఒక చిన్న దీపం. ఎత్తు కుర్చీల్లో వరసగా ఆపరేటర్లు. దీపం వెలిగితే తాడు లాగి ప్లగ్గు గుచ్చాలి, అవతలి ఊరి ఆపరేటరుకు నంబరు చెప్పాలి, రెండు గొంతుల్నీ కలిపి తను తప్పుకోవాలి. రోజంతా అదే పని. హెడ్‌సెట్టు మోసిన ఆ కుడి చెవే మొదట పోయింది.

కాల్సు తగ్గే మధ్యాహ్నాల్లో ఆపరేటర్లు ఒకరితో ఒకరు కబుర్లాడుకునేవారు. పేర్లు చెప్పుకోకూడదని రూలు. అందుకని ఎవరి ఊరు వాళ్ళ పేరైపోయేది. సముద్రం ఒడ్డు ఊళ్ళో ఆవిడ రేవు అక్క. హలో అనడానికి ముందు తప్పనిసరిగా దగ్గే ఆయన దగ్గు బాబాయి. కొండల మధ్య చిన్న ఎక్స్‌ఛేంజిలో ఒంటరిగా పనిచేసే ఆవిడ మా నాన్నను అన్నయ్యా అని పిలిచేది, ఆయన లైనులో ఎప్పుడూ మాట్లాడకపోయినా సరే. అలా ఆవిడ అమ్మకు వదిన అయింది, అమ్మ ఆవిడకు వదిన అయింది. మా నాన్న ఇళ్ళకు రంగులు వేసేవాడు. లోయ వదిన లైను కలవగానే మొదట అడిగేది ఒకటే: "మా అన్నయ్య ఇవాళ ఏ రంగు వదినా?"

సూపర్‌వైజరు వెనక నిలబడితే కబుర్లు కుదిరేవి కాదు. అప్పుడు పెన్సిలుతో మౌత్‌పీసు మీద కొట్టేవాళ్ళు. టక్ టక్ అంటే ఉన్నాను అని. అందరూ అలాగే కొట్టేవారు. అమ్మా, లోయ వదినా మాత్రం కాస్త ఆగి ఇంకొకటి కలిపేవారు. టక్ టక్... టక్. ఉన్నాను, మరి నువ్వు? ఆ అలవాటు అమ్మ ఇంటికి కూడా తెచ్చింది. స్నానాల గది తలుపు మీద, మేము అలిగి గడియ పెట్టుకున్న గది తలుపు మీద, జ్వరం వస్తే మంచం కోడు మీద అదే దరువు. మేము కూడా తిరిగి కొట్టాలి. కొట్టకపోతే తలుపు విరగ్గొట్టేంత గొడవ.

మా ఇంట్లో సెలవులంటే లాడ్జీలూ రైళ్ళూ కావు. నిచ్చెనలు మోసే నాన్న పాత వ్యాను ఉంది. రంగు చుక్కలు నేల మీద పడకుండా ఆయన పరిచే పెద్ద టార్పాలిన్ ఉంది. దాన్ని తిరగేసి రెండు కర్రల మీద నిలబెడితే గుడారం. దాని మీద మా ఊళ్ళో ఇళ్ళన్నిటి రంగులూ ఉండేవి. లోపల పడుకుని నేనూ అన్నయ్యా ఏ చుక్క ఏ ఇంటిదో పందెం వేసుకునేవాళ్ళం. "ఈ పసుపు బడి గోడది." "కాదు, పోస్టుమాస్టరు గారి వంటింటిది."

గుడారం సరే, వెయ్యడానికి చోటు కావాలి. అదీ ఎవరూ డబ్బులడగని, పొద్దున్నే లేపి తరమని చోటు. ఆ వెతుకులాట అమ్మది. సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఆవిడ మధ్యాహ్నాలన్నీ అదే పని మీద ఉండేది. దగ్గు బాబాయికి ఏ తోటలో కాపలావాడు మంచివాడో తెలుసు. రేవు అక్కకు ఏ ఇసుకదిబ్బ వెనక గాలి తగలదో తెలుసు. లోయ వదినకైతే కొండ మొత్తం కొట్టిన పిండి. "బావి దగ్గర వద్దు వదినా, ఈ ఏడు తేళ్ళెక్కువ. మూడు చింతలు దాటాక గడ్డి మెట్ట ఉంది చూడు, అక్కడైతే అడిగేవాడు లేడు," అనేదట. అమ్మ ఒక్క ముక్క కాగితం మీద పెట్టేది కాదు. అంతా చెవిలోనే. వ్యానులో నాన్న పక్కన కూర్చుని, ఆ గొంతు ఎలా చెప్పిందో అలాగే చెప్పేది, దగ్గుతో సహా.

అమ్మకు చోటు ఎంచడంలో సొంత చట్టాలుండేవి. నీళ్ళ చప్పుడు వినబడాలి, నీళ్ళు కనబడకూడదు. కనబడేంత దగ్గరుంటే పైన వాన పడిన రోజు పక్కలు తడుస్తాయి. గడ్డి మరీ పచ్చగా ఉన్నచోట దిగకూడదు, కింద చెమ్మ ఉంటుంది. వెలుగుండగానే చేరాలి. వెళ్ళేటప్పుడు పొయ్యి రాళ్ళు ఎక్కడివి అక్కడ పెట్టాలి. అసలు ఆవిడ చోటు చూడ్డానికి కళ్ళు వాడేదే కాదు. వ్యాను ఆపించి, దిగి, కళ్ళు మూసుకుని నిలబడేది. నాన్న మా వైపు చూసి, "మీ అమ్మ లైను కలుపుతోంది, అల్లరి చెయ్యకండి," అనేవాడు.

ఒకరోజు అమ్మ మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి ఎక్స్‌ఛేంజికి వెళ్ళాను. నేను కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకందని పిల్లని. సూపర్‌వైజరు భోజనానికి వెళ్ళాడు. అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, హెడ్‌సెట్టు తీసి నా చెవికి పెట్టి, మౌత్‌పీసులోకి "వదినా, మా చిన్నది వచ్చింది. వినిపించు," అంది. అవతల కుర్చీ జరిగిన చప్పుడు. కిటికీ రెక్క కిర్రుమన్న చప్పుడు. తరువాత నీళ్ళు. గది నిండా తాళ్ళూ దీపాలూ, ఎండాకాలం, ఫ్యాను సరిగ్గా తిరగదు, నా చెవిలో మాత్రం ఏరు పారుతోంది. లోయ వదిన తన మౌత్‌పీసును తాడు సాగినంత మేరా కిటికీ బయటికి పెట్టిందన్నమాట. కాసేపటికి తేనె కలిపినట్టుండే గొంతు ఒకటి వచ్చి, "వినబడుతోందా బంగారం?" అంది. నేను తలూపాను. ఫోనులో తలూపితే అవతలి వాళ్ళకు తెలియదని కూడా తెలియదు నాకు. ఆ తరువాత ఎన్ని ఏరులు చూశానో, ఎన్నింట్లో మునిగానో, ఆ ఏరంత చల్లగా ఒక్కటీ లేదు.

ఇంత స్నేహం ఉండి, ఆ కొండ మీద అన్నిసార్లు దిగి, ఆవిడని ఎందుకు కలవలేదంటే దానికీ ఒక కథ ఉంది. రేవు అక్క ఒకసారి తన ఫోను స్నేహితురాలింటికి వెళ్ళిందట. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగి, ఏం మాట్లాడాలో తోచక, వాన గురించి రెండు ముక్కలు చెప్పుకుని లేచారట. ఆ తరువాత ఫోనులో కూడా మాటలు సాగలేదట. అది విన్నాక అమ్మా, లోయ వదినా ఒట్టేసుకున్నారు. చోట్లు చెప్పుకుందాం, మొహాలు చూసుకోవద్దు. మేము కొండ మీద దిగిన సాయంత్రం అమ్మ గుడారం మీద ఎర్ర దుప్పటి ఆరేసేది. కింద ఎక్స్‌ఛేంజి కిటికీలోంచి అది కనబడితే ఆవిడ, మావాళ్ళు వచ్చేశారు అనుకునేదట. అంతే. దానికే ఇద్దరూ మురిసిపోయేవారు.

చివరి ఏడాది లోయ వదినే ఒట్టు తీసి గట్టున పెట్టింది. "పై మడుగని ఒకటుంది వదినా. అన్నిటికంటే మంచి చోటు. ఇన్నేళ్ళూ దాచాను. దానికి దారి చెబితే రాదు, చూపించాలి. ఈసారి కిటికీ దగ్గరికి రా." అమ్మ కొత్త చీర కూడా తీసి పెట్టుకుంది. ఇంతలో నాన్న నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ సెలవులు ఆసుపత్రిలో గడిచాయి. అమ్మ తిరిగి పనిలోకి వెళ్ళి లోయకు ప్లగ్గు గుచ్చితే అవతల మనిషి లేదు, కూత ఉంది. ఆఫీసువాళ్ళు చెప్పిన తేదీ కంటే ముందే అక్కడ మనిషి బదులు ఆటోమేటిక్ యంత్రం పెట్టేశారు. అమ్మ ఆ కూతకు కూడా టక్ టక్... టక్ అని కొట్టి చూసిందట. తరువాత మా ఎక్స్‌ఛేంజి కూడా మారింది. అమ్మను బిల్లుల సెక్షనులోకి తోశారు.

"అప్పుడే వెళ్ళాల్సింది కదా," అన్నాను ఆ రోజు డాక్టరు దగ్గరి నుంచి వస్తూ, దారి పొడుగునా అరుస్తూ. నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాను. నా ఓపికంతా క్లచ్చు మీంచి కాలు తీయని వాళ్ళ దగ్గరే ఖర్చయిపోతుంది, ఇంటికి మిగలదు.

"వెళ్ళి ఎవర్ని అడగను? పేరు తెలుసా, మొహం తెలుసా? పైగా భయం. గొంతుకి మొహం తగిలిస్తే గొంతు పాడైపోతుందేమోనని."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు గొంతే పోతోంది కదే. కనీసం మొహమన్నా మిగలాలి."

ఎర్రదీపం పడితే ఆగాను, పచ్చదీపం పడ్డాక కూడా ఆగే ఉన్నాను. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే అమ్మకు తప్ప అందరికీ వినబడింది.

అలా మొదలైంది మా వెతుకులాట. సాయంత్రాలు భోజనాల బల్ల దగ్గర నా ఫోను పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఉచితంగా గుడారం వేసుకునే చోట్లు చెప్పే యాప్ ఒకటుంది. ఎవరెవరో వెళ్ళి వచ్చి, అయిదుకి ఇన్నని చుక్కలిచ్చి, రెండు ముక్కలు రాస్తారు. నీళ్ళున్నాయి, సిగ్నల్ లేదు, కోతులున్నాయి, అలా. నేను గట్టిగా చదవాలి, అమ్మ తీర్పు చెప్పాలి. మా పై వాటావాళ్ళకు ఇప్పుడు చుట్టుపక్కల చోట్లన్నీ కంఠతా వచ్చు.

"మొహం తెలియనివాళ్ళు రాస్తే నమ్మేస్తావా?" అంది అమ్మ.

"నువ్వు మాత్రం? జీవితమంతా మొహం తెలియనివాళ్ళు చెబితేనే కదా మమ్మల్ని కొండలెక్కించావు!"

"గొంతు తెలుసు. గొంతులో అబద్ధం దాగదు. చుక్కల్లో ఏం తెలుస్తుంది?"

పాత చోట్లు ఒక్కొక్కటే వెతికాను. నాన్న మాకు ఈత నేర్పిన ఒడ్డు ఇప్పుడు రిసార్టు. మూడు చింతల దగ్గర గేటు, టిక్కెట్టు, సెల్ఫీల కోసం సిమెంటు గుండె బొమ్మ. ఇసుకదిబ్బను సముద్రమే తినేసింది. దగ్గు బాబాయి చెప్పిన తోట ఫొటోలో ఒక్క చెట్టు లేదు, ప్లాట్ల రాళ్ళున్నాయి. ప్రతిదానికీ అమ్మ "పోనీలే, ఇంకోటి చూడు," అనేది. నాకు మాత్రం ఎవరో మా ఇంట్లో గదులు ఒక్కొక్కటే తాళాలు వేసుకుంటూ పోతున్నట్టుండేది. మేమెప్పుడూ ఆ చోట్లకు సొంతదారులం కాము. అయినా ఏడుపొచ్చింది.

అన్నయ్య ఫోను చేసి, లోయలో మంచి హోటలుందనీ, తను బుక్ చేస్తాననీ, వేడినీళ్ళు ఉంటాయనీ అన్నాడు. అమ్మకు అరిచి చెప్పాను. "ఆకాశం కింద పడుకోవడానికి అద్దేంటని అడుగు," అంది. వాడు నవ్వి, "టార్పాలిన్ అటక మీద ఎడమ పక్కన ఉంది, ఎలుకలు కొట్టాయేమో చూడు," అన్నాడు. వాడికీ గుర్తే అన్నమాట.

చివరికి పై మడుగు దొరికింది. ఒక్క ఫొటో, అది కూడా మసక. దాని కింద ఎవరో ఎప్పుడో రాసిన నాలుగు ముక్కలు. "మ్యాపు నమ్మకండి, మమ్మల్ని మేకల దొడ్లోకి తీసుకెళ్ళింది. కింద పాత టెలిఫోన్ ఆఫీసులో ఒక పెద్దావిడ ఉంటారు. అడిగితే కిటికీలోంచి దారి చూపిస్తారు. పైసా ఖర్చు లేదు."

ఈ ఒక్కటీ అరిచి చదవలేదు.

"ఏం రాశారు?" అంది అమ్మ.

"మేకలున్నాయట," అన్నాను.

అది పాత రాత. ఆ పెద్దావిడ ఎవరో, ఇప్పుడుందో లేదో తెలియదు. ఆశ పెట్టి తీసుకెళ్ళి, అక్కడ తాళం వేసిన తలుపు చూపిస్తే అమ్మ తట్టుకోలేదు. అసలు చెప్పాలంటే నేను తట్టుకోలేను. పాత ఎక్స్‌ఛేంజి దగ్గర ఆగి వాకబు చేద్దామని మాత్రం చెప్పాను.

స్కూలు కారులోనే బయలుదేరాం. దాని వెనక "నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి" అని రాసి ఉంటుంది. ఆ పుణ్యమా అని దారంతా లారీలు కూడా మాకు మర్యాదగా దారి ఇచ్చాయి. టార్పాలిన్‌ను ఎలుకలు ఒక మూల మాత్రమే రుచి చూశాయి. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, టీ ఫ్లాస్కు, ఎర్ర దుప్పటి. అమ్మ చెవిమిషనులో కొత్త బ్యాటరీ వేయించుకుని, అద్దంలో చూసుకుంటూ "వదినా, నేనే... వదినా, గుర్తుపట్టావా..." అని రకరకాలుగా అనుకుంటోంది. పెళ్ళిచూపులకు వెళుతున్నట్టుంది వరస. నాకు నవ్వూ, భయమూ.

లోయలోకి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఎక్స్‌ఛేంజి కొట్టేయలేదు. నీలం సున్నం పెచ్చులూడిన రెండు గదుల కట్టడం, చూరు కింద ఇంకా తెల్ల పింగాణీ దిమ్మలు, వాటికి తీగలు లేవు. ఆరేసిన బట్టలున్నాయి. మనుషులున్నారన్నమాట. నా ప్రాణం కుదుటపడింది.

అమ్మ నా భుజం గుచ్చి చెప్పింది. "లోపల ఎవరున్నా దారి నువ్వడుగు. ముందు నేను గొంతు వింటాను. ఆవిడ గొంతైతే నాకిట్టే తెలిసిపోతుంది. నువ్వు మధ్యలో తొందరపడి ఏమీ వాగకు."

తలుపు తీసింది ఒక పెద్దావిడ. పొట్టిగా, శాలువా కప్పుకుని, తల ముగ్గుబుట్ట. పై మడుగుకు దారి అడిగాను. "లోపలికి రండి, చూపిస్తా," అంది. గరగరలాడే గొంతు, బొంగురు. మమ్మల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అదే కిటికీ, కిర్రుమంది కూడా. "ఆ ఎర్రరాయి కనబడిందా? దానికి ఎడమ పక్కగా పొండి. కారు అక్కడిదాకా పోతుంది. తరువాత నడకే, కొద్దిదూరమే. నీళ్ళ చప్పుడు ఎటు పెరిగితే అటు."

అమ్మ ఎడమ చెవి ఆవిడ వైపు తిప్పి, కళ్ళు మూసుకుని నిలబడింది. లైను కలుపుతోంది. అమ్మ కళ్ళు తెరిచింది. చెవిటివాళ్ళు గుసగుస అనుకుని మాట్లాడేది వీధికంతా వినబడుతుంది కదా.

"ఈవిడ కాదే. పద."

అని, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఏమీ అనుకోకండి, ఆవిడకు చెవులు..." అని నసిగాను. ఆవిడ "పర్వాలేదమ్మా, వయసు," అంది. గోడ మీద ఒకప్పుడు స్విచ్‌బోర్డు బిగించిన మేకుల గుర్తులున్నాయి. వాటిని చూస్తూ, మీరిక్కడ ఇదివరకు పనిచేశారా అని అడగబోయాను.

అప్పుడు బయటినుంచి వినబడింది. అమ్మ కారు పైకప్పు మీద వేళ్ళతో కొడుతోంది. నన్ను రమ్మనీ కాదు, ఎవరినీ పిలవాలనీ కాదు. మనసు బాగాలేనప్పుడు ఆవిడ చేతికొచ్చే దరువు.

టక్ టక్... టక్.

పెద్దావిడ శాలువా సర్దుకుంటున్నది కాస్తా ఆగిపోయింది. నా వైపు చూసింది, కానీ నన్ను చూడటం లేదు. కిటికీలో పెట్టిన కళ్ళజోడు పెట్టె తీసుకుని చెక్క మీద కొట్టింది. టక్ టక్... టక్. తల బయటికి పెట్టి చెవి ఒగ్గింది. జవాబు లేదు. ఎలా ఉంటుంది, అమ్మకు వినబడితే కదా!

"ఆవిడకి వినబడదండీ," అన్నాను. "బొత్తిగా వినబడదు."

ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. అమ్మ అటు తిరిగి, కారు పైకప్పు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిడ కారు ఇవతలి వైపు ఆగి, పైకప్పు మీద వేలి కణుపులతో గట్టిగా కొట్టింది.

రేకు అదిరింది. అమ్మ చెయ్యి దాని మీదే ఉంది. వినబడనిది చేతికి తెలిసింది. అమ్మ మెల్లగా ఇటు తిరిగింది. ఇద్దరు ముసలమ్మలూ కారుకు అటొకరు ఇటొకరు నిలబడి చూసుకున్నారు. అమ్మ తిరిగి కొట్టింది. ఆవిడ మళ్ళీ కొట్టింది. స్కూలువాళ్ళ కారు సొట్టలు పడినా అడిగేవాళ్ళు లేరనుకున్నాను. ఏడుస్తూ నవ్వుతున్నాను నేను.

"గొంతు అరిగిపోయింది వదినా," అంది లోయ వదిన, అమ్మ ఎడమ చెవిలో నోరు పెట్టి.

"నాకు చెవి అరిగిపోయింది," అంది అమ్మ. "సరిపోయింది ఇద్దరికీ."

లోయ వదిన మొహం తుడుచుకుని, అమ్మ రెండు చేతులూ పట్టుకుని, అలవాటుగా అడగాల్సింది అడిగేసింది. "మా అన్నయ్య ఇవాళ ఏ రంగు?"

అది మాత్రం అమ్మకు మొదటిసారికే వినబడింది. కారు వెనక తలుపు తీసి, మడత పెట్టిన టార్పాలిన్‌ను బయటికి లాగి, ఆవిడ చేతుల్లో పెట్టింది. "అన్ని రంగులూ తెచ్చాను," అంది. లోయ వదినకు అర్థమైంది. ఆ రంగుల మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. అన్నయ్యా అని పిలిచిన మనిషిని ఆవిడ అలా చూసింది, మొదటిసారీ ఆఖరుసారీ.

దారి చూపించి ఊరుకుంటుందనుకున్నామా, ఆవిడే తాళం వేసి కారెక్కింది. "కిటికీలోంచి ఊరందరికీ చూపిస్తాను. మీకు నడిచి చూపిస్తా," అంది. నీళ్ళ చప్పుడు ఎటు పెరిగితే అటు నడిచాం. చెట్లు విడిపోయిన చోట చిన్న పచ్చిక, పెద్ద బండ. నీళ్ళ చప్పుడు వినబడుతోంది, నీళ్ళు కనబడటం లేదు. అమ్మ చట్టం ప్రకారం అక్షరాలా అలాగే ఉంది. ఇంకా వెలుగుంది. నేను కర్రలు పాతుతుంటే ఇద్దరూ బండ మీద కూర్చుని, "తాడు బిగుసుకోలేదు," "ఆ మూల జారింది," అని చెరో పక్కనుంచీ తగులుకున్నారు. నా ఓపిక ఆ రోజు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

గుడారం నిలబడ్డాక అమ్మ ఎర్ర దుప్పటి తీసి దాని మీద పరిచింది.

"కిందనుంచి చూసేదాన్ని నేనిక్కడే ఉన్నా కదా వదినా, ఎవరికోసం?" అంది ఆవిడ.

అమ్మకు వినబడలేదు. అంచులు లాగి సరిచేసి, దూరంగా జరిగి చూసుకుని, తృప్తిగా వచ్చి కూర్చుంది. చెవిమిషను తీసి నా చేతిలో పెట్టింది. కొండ గాలికి అది ఒకటే గీపెడుతోందట. నేను దాన్ని జేబులో వేసుకుని టీ పోశాను. లోయ వదిన మాట్లాడుతూనే ఉంది. ఎక్స్‌ఛేంజి మూసేశాక ఆ కట్టడాన్ని తనకే అద్దెకిచ్చారట. దారి అడగడానికి వచ్చిన ప్రతి ఆడమనిషి గొంతూ చెవి ఒగ్గి వినేదట, అమ్మ అరుపును మాత్రం పోల్చుకోలేకపోయిందట. అమ్మ ఆవిడ పెదాలనూ, కళ్ళనూ, నవ్వితే పడే ముడతలనూ కళ్ళార్పకుండా చూస్తోంది. ఆ మొహాన్ని దాచుకుంటోందని నాకు తెలిసింది.

సూర్యుడు కొండ వెనక్కి జారాక గాలి తగ్గింది. ఏటి చప్పుడు ఒక్కసారిగా దగ్గరికి వచ్చినట్టయింది. అదే ఏరు. చిన్నప్పుడు ఎత్తు కుర్చీలో అమ్మ ఒళ్ళో కూర్చుని నేను విన్న ఏరు. మాటలాపి ముగ్గురం అటు తిరిగాం. లోయ వదిన అమ్మ మోచెయ్యి తట్టి, నీళ్ళ వైపు చెయ్యి చూపించి, ఆ రోజు నన్నడిగినట్టే అడిగింది.

"వినబడుతోందా?"

అమ్మ ఆవిడ పెదాల వంక చూసింది. తరువాత కళ్ళు మూసుకుంది. చెవిమిషను నా జేబులో ఉంది, చెయ్యి పెడితే తగులుతోంది.

"స్పష్టంగా వినబడుతోంది వదినా," అంది అమ్మ. "కిటికీ వెయ్యకు."